దూరపు తుఫాను

మా పల్నాటి వాళ్ళకు సముద్రంతో చుట్టరికం లేదు. మా తాతయ్య తన డెబ్భై ఎనిమిదేళ్ళ జీవితంలో సముద్రాన్ని రెండేసార్లు చూశాడు. ఒకసారి కార్తీక పౌర్ణమి స్నానానికి సూర్యలంక వెళ్ళినప్పుడు. రెండోసారి 1977లో, దివిసీమలో. ఆ రెండోసారి సంగతి తర్వాత చెబుతాను. మాకు నీళ్ళంటే సాగర్ కుడి కాలువ నీళ్ళు, బోరు నీళ్ళు, అవి రెండూ లేనప్పుడు దేవుడిచ్చే నీళ్ళు. పిడుగుల్నీ రాళ్ళనూ పేరులోనే పెట్టుకున్న ఊరు మా పిడుగురాళ్ళ. రైలు దిగితే సున్నపు బట్టీలు, తెల్లటి దుమ్ము పట్టిన చెట్లు. ఊరు దాటితే నల్లరేగడి, పత్తి, మిరప. ఇక్కడ నిలబడి సముద్రాన్ని తలుచుకోవాలంటే మనిషి కవి అయినా అయివుండాలి, లేకపోతే తుఫాను వార్త అయినా వినాలి.

తుఫాను వార్త వినడంలో మాత్రం మావాళ్ళు గట్టివాళ్ళు. మా పల్లెలో రచ్చబండ దగ్గర కూర్చునే ముసలివాళ్ళకు అక్షరం రాకపోయినా అల్పపీడనానికీ వాయుగుండానికీ తేడా తెలుసు. తెలియక చస్తుందా? అక్టోబరులో పత్తికాయ పగిలి చేను తెల్లబడుతుంది. ఆ వేళ రెండు రోజులు ముసురు పట్టిందంటే చెట్టు మీది పత్తి తడిసి రంగు మారుతుంది, కొనేవాడు ముఖం అదోలా పెట్టి సగం ధర చెబుతాడు. మిరప అప్పటికి నాటి నెలా నెలన్నర. నీళ్ళు నిలిచి నేల ఉరకెత్తిందంటే మొక్క నిలువునా వడలిపోతుంది. దానికోసం తెచ్చిన అప్పు మాత్రం వడలదు.

అంచేత టి.వి.లో ఆ గుండ్రటి తెల్లబొమ్మ కనిపించగానే మా ఊళ్ళో ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒక్కటే. "ఎటు పోయిద్దంట?" నెల్లూరు అంటే ముఖాలు ముడుచుకుంటాయి. బందరు అంటే పార తీసుకొని చేలోకి పోయి నీళ్ళు పోవడానికి కాలవలు తీస్తారు. "వైజాగుకో ఒరిస్సాకో పోయిద్దంట" అంటే "హమ్మయ్య" అని బీడీ వెలిగిస్తారు.

ఈ "హమ్మయ్య" గురించే నేను వ్రాయదలచుకున్నది. దీన్ని స్వార్థం అని కొట్టిపారేసే మిత్రులు మన హాస్టల్లోనే వున్నారు. వాళ్ళతో నేను వాదించను. జరిగింది చెబుతాను.

2014 సంవత్సరం. రాష్ట్రం రెండుగా విడిపోయి నాలుగు నెలలయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. ఆ ఏడే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సి. కెమిస్ట్రీ సీటు వచ్చి విశాఖపట్నం వెళ్ళింది. మా ఇంటి మొత్తం మీద డిగ్రీ గడప దాటిన మొదటి మనిషి. ఆడపిల్లను అంత దూరం పంపడమేమిటని ఊళ్ళో అననివాడు పాపాత్ముడు. నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు. జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి వచ్చాడు. ఆ బండి మా పిడుగురాళ్ళ స్టేషను మీదుగానే విశాఖ పోతుంది. నాన్నకు అదొక పెద్ద ధైర్యం. "బండి మారే పనే లేదు. ఇక్కడ ఎక్కితే అక్కడ దిగటమే" అని, నాలుగు వందల యాభై కిలోమీటర్ల దూరాన్ని పక్క వీధి అన్నట్లు చెప్పేవాడు. పెదవాల్తేరులో ఒక ఇంటి మేడ మీద గది తీసుకొని ముగ్గురు అమ్మాయిలు వుండేవాళ్ళు. దసరాకు వచ్చి, పండగయిన మూడోనాడు తిరిగి వెళ్ళింది.

తను వెళ్ళిన మర్నాడు, అక్టోబరు 7న, అండమాన్ దగ్గర వాయుగుండం పుట్టింది. 8వ తేదీకి తుఫాను అయింది. హుద్‌హుద్ అని పేరు. మన చుట్టుపక్కల సముద్రాల్లో పుట్టే తుఫానులకు ఈ తీర దేశాలు వంతులవారీగా పేర్లు ఇస్తాయి కదా. ఇది ఒమన్ దేశం ఇచ్చిన పేరు, నెత్తి మీద తురాయి వుండే ఒక పక్షి పేరు. మా నాయనమ్మకు నోరు తిరగక "ఉడుత తుఫాను" అనేది. పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్ళం.

10వ తేదీ శుక్రవారం నాటికి అది అతి తీవ్ర తుఫాను అయింది. విశాఖపట్నం దగ్గర ఆదివారం తీరం దాటుతుందని వాతావరణ శాఖవారు తేల్చి చెప్పారు. ఆ సాయంత్రం రచ్చబండ దగ్గర టీ కొట్టులో టి.వి. ముందు ఇరవై మంది దాకా చేరారు. నేను నాన్న పక్కన నిలబడి వున్నాను. బొమ్మలోని గీత పైకి, ఉత్తరానికి వంగిపోయింది. మాకు వరసకు పెదనాన్న అయ్యే ఆయన, మా చేను గట్టుకు గట్టు ఆయన చేను, తొడ చరిచి "హమ్మయ్య! మన పత్తికి గండం తప్పిందిరా" అన్నాడు. నలుగురూ అవునన్నారు. ఒకాయన అందరికీ టీ చెప్పాడు.

నాన్న ఆ టీ తాగలేదు. అది గమనించిన పెదనాన్నకు ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది. "ఓరి దేవుడా, మన పిల్ల అక్కడే గదరా!" అన్నాడు. కొట్లో అందరూ మా వైపు తిరిగారు. తొమ్మిదేళ్ళ వాణ్ణి, నాకంత అర్థం కాలేదు గాని, పెద్దవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోకుండా తలకాయలు దించుకోవడం మొదటిసారి చూశాను.

శనివారం సాయంత్రం అక్క ఫోను చేసింది. కొవ్వొత్తులు తెచ్చుకున్నామనీ, బకెట్లనిండా నీళ్ళు పట్టి పెట్టామనీ, అటుకులూ బ్రెడ్డూ వున్నాయనీ చెప్పింది. "మాకేం కాదు గాని నువ్వు రేపు పత్తి తీయించెయ్ నాన్నా, తర్వాత ఇటుకూడా వాన పడుద్దేమో" అంది. రైతుబిడ్డ కదా! నాన్న అప్పటికే కూలీలను మాట్లాడివున్నాడు. మొదటి తీత.

ఆదివారం 12వ తేదీ. తెల్లవారి కూలీలు చేలోకి దిగారు. నాన్న వాళ్ళను చేలో వదిలి ఎనిమిదింటికల్లా ఇంటికొచ్చేశాడు. ఎనిమిదిన్నరకు అక్కతో మాట్లాడాడు. మాట్లాడాడు అనడం కంటే విన్నాడు అనడం సబబు. అక్క మాటలకంటే వెనకాల గాలి మోత ఎక్కువగా వినిపించిందట. "తలుపు కొట్టుకుంటా వుంది నాన్నా, మళ్ళా చేస్తా." అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు నంబరు నొక్కినా, మీరు పిలుస్తున్న వ్యక్తి అందుబాటులో లేరనే ఆడగొంతు. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. మా అమ్మ ఆ గొంతుమీద కోప్పడింది. "దీనికి ఇంకో మాట రాదా?" అంది.

పదింటి నుంచీ టి.వి.లో విశాఖ బొమ్మలు వస్తూ వచ్చాయి. బీచి రోడ్డు మీద మనిషి నిలబడలేక స్తంభాన్ని కావలించుకుంటున్నాడు. కెమెరా అద్దం మీద నీళ్ళు. తర్వాత ఆ బొమ్మలు కూడా ఆగిపోయాయి. అక్కడి నుండి కొత్తవి రావడం లేదు. ఉన్న నాలుగు బొమ్మలనే తిప్పి తిప్పి వేస్తూ, కింద మాత్రం అక్షరాలు పరుగెత్తేవి, విశాఖతో సంబంధాలు తెగిపోయాయని. నాకు తర్వాత తెలిసింది, కైలాసగిరి మీద తుఫానులను కనిపెట్టడానికి పెట్టిన డాప్లర్ రాడారు కూడా ఆనాడు పనిచేయడం మానుకుందని. తుఫానును చూసే కన్నును తుఫానే మూసింది. మా ఇంట్లో మేము ఆనాడు పడిన అవస్థ అంతా ఆ ఒక్క ముక్కలో వుంది.

మధ్యాహ్నం పన్నెండుకూ ఒంటిగంటకూ మధ్య హుద్‌హుద్ విశాఖపట్నం మీదనే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వుందన్నారు. సరిగ్గా ఏడాది క్రితం అదే అక్టోబరు 12న, 2013లో, ఫైలిన్ తుఫాను ఒరిస్సాలో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అప్పుడూ మా ఊళ్ళో "హమ్మయ్య" అనే అనుకొని వుంటారు. నాకు జ్ఞాపకం లేదు.

అప్పటిదాకా మంచం మీద మాట్లాడకుండా కూర్చున్న తాతయ్య, ఒంటిగంటప్పుడు అనుకుంటాను, "పిల్లకు ఎవరన్నా చెప్పారో లేదో, మధ్యలో గాలి ఆగుద్ది. ఆగింది గదా అని బయటికి రాగూడదు" అన్నాడు. ఎట్లా తెలుసని అడిగాను. దివిలో బ్రతికి బయటపడ్డ వాళ్ళు చెప్పారన్నాడు. 1977 నవంబరు 19న ఆ తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మాత్రం కృష్ణ అవతల దివిసీమను ముంచింది. పదివేల మంది దాకా పోయారు. ఆ వారంలోనే మా పల్లెవాళ్ళు పులిహోర పొట్లాలు, పాత బట్టలు, బియ్యం లారీకెత్తి అవనిగడ్డ వైపు తీసుకెళ్ళారు. ఆ లారీ మీద తాతయ్య వున్నాడు. అక్కడ ఏం చూశాడో ముప్ఫై ఏడేళ్ళు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం ఒకే ఒక్క మాట చెప్పాడు. "తగలెయ్యటానికి ఎండుకట్టె దొరకలా. ఊళ్ళో వున్న కట్టెంతా తడిసిపోయింది." అని మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాయనమ్మ ఆయన్ను కసిరింది, ఇప్పుడా ఆ మాటలు అని.

అయితే ఆయన అన్న రెండో మాట కూడా నాకు గుర్తుంది. సాయంత్రం లేచి కూర్చొని, "అప్పుడు చెప్పింది చేరలా జనానికి. ఇప్పుడు నాలుగు రోజుల బట్టీ చెబుతానే వున్నారు. ఇది వేరు" అన్నాడు. తాతయ్య లెక్క తప్పు కాదు. విశాఖపట్నంలో తుఫాను హెచ్చరిక కేంద్రం 1974 నుంచీ వుంది. వుండీ 1977లో మాట ఊళ్ళకు చేరలేదు. 1990 మేలో కృష్ణాజిల్లా తుఫానుకు, 1996 నవంబరులో కోనసీమ తుఫానుకు వందలూ వేలూ పోయారు. హుద్‌హుద్ నేరుగా లక్షల జనం వున్న నగరం నెత్తిన పడినా రాష్ట్రంలో చనిపోయినవాళ్ళు వంద లోపే. ఆస్తి నష్టం మాత్రం ఇరవై ఒక్క వేల కోట్ల పైచిలుకని ప్రభుత్వం లెక్క కట్టింది. చెట్టు పడిపోకుండా హెచ్చరిక ఆపలేదు. చెట్టు కింద మనిషి లేకుండా చూడగలదు. పిల్లల్ని లోపల కూర్చోబెట్టగలదు.

ఇంతలో సాయంత్రమయింది. కూలీలు తీసిన పత్తి బోరేల్లో ఇంటికి వచ్చింది. మా దగ్గర ఆ రోజు పత్తి తడవలేదు. ఎండిన పత్తి, మల్లెపూవులా వుంది. మొదటి తీత పత్తి అట్లా రావడం రైతుకు నోము ఫలించినట్లు. ఏటా ఆ పత్తి ఇంటికి రాగానే నాన్న గుప్పెడు తీసి పింజ సాగదీసి చూసి, దేవుడి దగ్గర పెట్టి, అప్పుడు కాటా వేయించేవాడు. ఆనాడు బోరేలు వసారాలో దించి కూలీలు డబ్బు కోసం నిలబడితే, పెదనాన్నే కాటా వేయించి, తన జేబులోంచి ఇచ్చి పంపించాడు. ఆ రాత్రి ఆయన, పెద్దమ్మా మా ఇంట్లోనే వున్నారు. శుక్రవారం తొడ చరిచిన మనిషి ఈయనే. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా రెండు ముక్కలుగా కనిపించదు.

సోమవారం నాన్న స్టేషనుకు పోయి అడిగాడు. జన్మభూమి లేదన్నారు. బస్సు ఎక్కడిదాకా పోతుందో ఎవరూ చెప్పలేకపోయారు. మంగళవారం బయల్దేరి ఏది దొరికితే అది ఎక్కి పోతానని సంచి సర్దుకున్నాడు. అప్పుడు పెదనాన్నకు ఒక ఉపాయం తట్టింది. మా పిడుగురాళ్ళ సున్నం లారీలు ఆ వైపు పోతూ వుంటాయి. మా పల్లె కుర్రాడు ఒకతను లారీ డ్రైవరు, నాన్నను బాబాయ్ అంటాడు. ఆదివారం తుని దగ్గర పోలీసులు ఆపితే అక్కడే పడివున్నాడని అతని ఇంటివాళ్ళు చెప్పారు. తునిలో ఫోను పనిచేస్తోంది. నాన్న అతనికి గది గుర్తులు చెప్పాడు. "నేనున్నా గదా బాబాయ్, నువ్వు వచ్చి ఏం చేస్తావు, దారిలో చిక్కుకుంటావు. కూర్చో" అన్నాడట ఆ అబ్బాయి.

రహదారి మీద పడిన చెట్లు తొలగిస్తూంటే ఆ వెనకాలే మంగళవారానికి గాజువాక చేరాడు. లారీ అక్కడ వదిలి, కొంత నడిచి, కొంత ముక్కూమొహం తెలియనివాళ్ళ బండి వెనకాల కూర్చొని, పెదవాల్తేరు పట్టుకున్నాడు. నాన్న చెప్పిన గుర్తు, వీధి మొదట్లో పెద్ద చింతచెట్టు. ఆ చెట్టు ఇప్పుడు వీధికి అడ్డంగా వుంది. తిరుగు దారిలో సిగ్నలు దొరికిన మొదటి చోట లారీ ఆపి ఫోను చేశాడు. బుధవారం, ఇంకా సరిగా తెల్లవారలేదు. "పిల్ల బాగుంది బాబాయ్. అన్నం తింటా వుంటే చూసే వచ్చా."

నాన్న "మంచిదయ్యా" అని ఫోను అమ్మకిచ్చి కొట్టంలోకి పోయాడు. గేదెలకు మేత వేసే వేళ అయింది నిజమే.

అక్క తర్వాత చెప్పిన సంగతులు ఇవి. ఆ గది తలుపు తూర్పూ ఉత్తరం మూలకు వుంది. ఉదయం నుంచీ గాలి అంతా ఆ తలుపు మీదనే. ముగ్గురూ మంచాన్ని తలుపుకు అడ్డం పెట్టి, దాని వెనక గ్యాసు సిలిండరు పెట్టి, దాని వెనక తాము కూర్చున్నారు. మధ్యాహ్నం కాసేపు గాలి చప్పున ఆగింది. ఎంతగా ఆగిందంటే ఎక్కడో పసిపిల్ల ఏడుపు వినిపించిందట. కింది ఇంటి ఆసామి మెట్ల మీదికొచ్చి, "ఇప్పుడే దిగి రండమ్మా, మళ్ళీ మొదలవుతుంది" అని కేకేసి కిందికి తీసుకుపోయాడు. వాళ్ళు దిగిన కాసేపటికి గాలి ఈసారి వెనకనుంచి, నైరుతి నుంచి కొట్టింది. గదిలో వెనకవైపు కిటికీ రెక్కలతో సహా ఊడి లోపల పడింది. అప్పటిదాకా అక్క ఆ కిటికీ కిందనే కూర్చొని వుంది.

ఇప్పుడు నేను డిగ్రీలో ఫిజిక్సు చదువుతున్నాను గనుక కాగితం మీద లెక్క వేసి చూశాను. సైన్సు గిట్టని పాఠకులు ఈ రెండు పేరాలూ దాటిపోవచ్చు. గంటకు 180 కిలోమీటర్లంటే సెకనుకు 50 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోలు. వేగాన్ని వర్గం చేసి, సాంద్రతతో గుణించి, సగం చేస్తే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల బరువు. మామూలు తలుపు రెండు చదరపు మీటర్లకు కొంచెం తక్కువ. గాలి నేరుగా తగిలితే ఆ తలుపు మీద సుమారు ఆరు మిర్చి టిక్కీల బరువు పడినట్లు. గుంటూరు యార్డులో టిక్కీలు మోసిన వాళ్ళకు తెలుసు అది ఎంతో. ఆ ఆరింటినీ ముగ్గురు ఆడపిల్లలు మూడు నాలుగు గంటలు ఆపారు. గాలి వేగం రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుందని మాస్టారు బోర్డు మీద రాసినప్పుడు మా తరగతిలో అందరూ రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నాకు ఆ తలుపు కనిపించింది.

మన అర్ధగోళంలో తుఫాను అపసవ్యంగా తిరుగుతుంది. వాయవ్యానికి నడిచే తుఫాను కన్ను మన నెత్తి మీదికి వచ్చేదాకా గాలి ఈశాన్యం నుంచి, దాటిపోయాక నైరుతి నుంచి కొడుతుంది. మధ్యలో ఆగినట్లుండేది కన్ను. తాతయ్యకు ఏ పుస్తకం లేకుండా తెలిసిన విషయం. ఇంకొక లెక్క కూడా వేశాను. కేంద్రంలో పీడనం 950 మిల్లీబారులకు పడింది. మామూలుకంటే 60 తక్కువ. ఒక్కొక్క మిల్లీబారుకు సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. అంటే పీడనం వల్ల లేచేది 60 సెంటీమీటర్లే. విశాఖ రేవులోని కొలమానం చూపిన ఉప్పెన 1.4 మీటర్లు. మిగతా నీటిని ఒడ్డుకు తోసింది గాలి. ఇక ఇంత గాలికి ఇంధనం ఎక్కడిదంటే, వెచ్చటి సముద్రం మీది ఆవిరి. గ్రాము ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు 540 కేలరీలు వదులుతుందని ఇంటర్మీడియెట్‌లో బట్టీ పట్టాం కదా, అదే. నేల ఎక్కగానే ఆ ఆవిరి సరఫరా ఆగిపోయి తుఫాను చచ్చిపోతుంది. అయినా హుద్‌హుద్ చావలేదు. దాని శేషం ఉత్తరాదికి పోయి, అక్టోబరు 14న నేపాల్‌లో అన్నపూర్ణ కొండల మీద మంచుగా కురిసి, అక్కడ నడుస్తున్న నలభై మందికి పైగా యాత్రికులనూ కూలీలనూ పొట్టన పెట్టుకుంది. ఆ కొండల్లో వాళ్ళకు బంగాళాఖాతం ఏపాటి చుట్టమో!

ఈ ఈశాన్యం నైరుతి సంగతి కిందటేడు అక్కకు విడమరిచి చెప్పాను. అంతా విని, "మా కెమిస్ట్రీ వాళ్ళకు తలుపు పట్టుకోవటం వరకే తెలుసులేరా" అంది.

ఆ వారం అక్క ఇంటికి వచ్చింది. కరెంటు లేదు, కుళాయి నీళ్ళు లేవు, పాల పాకెట్టు రెండింతలూ మూడింతలూ పెట్టి కొన్నారు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయిందని మేం టి.వి.లో చూసిందే. అక్క మాత్రం దాని గురించి చెప్పలేదు. విశ్వవిద్యాలయంలో తను రోజూ నడిచే దారిలో చెట్లు వేళ్ళతో సహా పడివుండడం, ఆ దారి తనకు గుర్తుపట్టరాకపోవడం, అదే చెప్పింది. నీడ లేకపోతే ఊరు అంత పెద్దదిగా కనిపిస్తుందని తనకు తెలియదంది.

అసలు గొడవ అప్పుడు మొదలయింది. నాయనమ్మ ఇక పంపడానికి వీల్లేదంది. సముద్రం పక్కన చదువేమిటి, గుంటూరులో కాలేజీలు లేవా అంది. ఊళ్ళో వాళ్ళకు తాము ముందే చెప్పామనే తృప్తి. సంబంధాలు తెచ్చేవాళ్ళు కూడా ఇదే అదనని రెండు మూడు సంబంధాలు తెచ్చారు. తుఫాను తర్వాత పుట్టగొడుగుల్లాగా వస్తాయి కాబోలు. అమ్మ ఎటూ చెప్పలేదు. ఆమె మూడు రోజులు ఆ ఫోనులోని ఆడగొంతు వింది, ఆమెను ఏమీ అనలేం. అక్క వసారాలో కూర్చొని పత్తిలో చెత్త ఏరుతూ ఒక్క మాట మాట్లాడలేదు. నాన్నా మాట్లాడలేదు. దీపావళి వెళ్ళాక ఒకరోజు పత్తి అమ్మి వచ్చి, ఆ డబ్బులోంచి కొంత తీసి అక్క చేతిలో పెట్టి, "కిటికీ పోయిందన్నావుగా. ఈసారి కింది వాటా చూసుకో" అన్నాడు.

అంతే. ఇంట్లో ఆ విషయం మీద మళ్ళీ చర్చ లేదు. గోంగూర పచ్చడి సీసా, బియ్యం మూట, కారం డబ్బాతో జన్మభూమి ఎక్కించాము. నాయనమ్మ స్టేషనుకు రాలేదు. కారం మాత్రం ఆమె కొట్టించిందే.

మా అక్క చదువు ముగించి ఇప్పుడు విశాఖలోనే ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది. ఆ రోజున ఇంట్లో నాన్న కాక ఇంకెవరన్నా పెద్ద అయివుంటే ఏమయ్యేదో నేను ఊహించగలను. మా తరగతిలోనే వున్న కొందరు అమ్మాయిలు నాకంటే బాగా ఊహించగలరు.

2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చింది. ఈసారి పేరు పెట్టింది మయన్మార్. ఈసారి గీత ఉత్తరానికి వంగలేదు. 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలి గంటకు వంద కిలోమీటర్ల లోపే. హుద్‌హుద్‌తో పోలిస్తే తోపు మూడో వంతు కూడా లేదు. కాని మా మిరపను చంపేది గాలి కాదు. నాలుగో తేదీ నుంచే వాన. నేను కాలేజీకి సెలవు పెట్టి వచ్చి, నాన్న, పెదనాన్న, నేను పారలు పట్టుకొని చేలోనే వున్నాం. కాలవ తీసిన చోటల్లా రేగడి మళ్ళీ మూసుకుపోతూంది. తాతయ్య అప్పటికి లేడు.

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది. పొద్దున తన కాలేజీ స్టాఫ్‌రూములో టి.వి. పెట్టుకొని చూస్తున్నారట. తుఫాను బాపట్ల వైపు పోతోందని తెలియగానే ఒక మాస్టారు "హమ్మయ్య, మన వైజాగుకు తప్పింది" అన్నారట. పాపం, ఆయన హుద్‌హుద్‌లో ఇంటిపైకప్పు పోగొట్టుకున్న మనిషి. "నువ్వేమన్నావే?" అని పెదనాన్న నా చేతిలోంచి ఫోను లాక్కొని అడిగాడు. "ఏమంటాను పెదనాన్నా, మనం కూడా అనేవాళ్ళమే గదా" అంది. పెదనాన్న ఆ వానలో నిలబడి పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత అక్క నన్ను పిలిచి, నీళ్ళు దిగుతున్నాయా అని అడిగింది. మెరక మడి దిగింది, పల్లపు మడిలో ఇంకా మోకాలి లోతున వున్నాయి అన్నాను. ఇంజను పెట్టి తోడించండి, డబ్బు నేను పంపిస్తాను అంది.

రాత్రికి ఇంజను దొరికింది. మర్నాడు సాయంత్రం దాకా తోడాం. మూడెకరాల మిరపలో ఎకరం ఉరకెత్తి పోయింది. మిగిలిన రెండెకరాల్లో కాసిన కాయ కోయించి, కల్లంలో ఎండబోసి, మార్చిలో యార్డుకు తోలాం.